రాయి లేని సీసా

"మేడమ్, రాయి తన మాట చెబుతోందో, నేను వినాలనుకున్న మాట చెబుతోందో తెలిసేదెలా?" అని పోలినాయుడు ఒకనాడు తన గురువును అడిగాడు.

రాజమండ్రిలో చమురు పుట్టుకను పరిశోధించే అరుంధతిగారు బల్ల మీది సీసాల వైపు చూపించారు. "ఈసారి కూడా ఏడో సీసా పెట్టు," అన్నారంతే.

ఇప్పుడు గోదావరి నేలకు చాలా లోతున పడిపోయిన చోట, పన్నెండు కోట్ల ఏళ్ళ కిందట ఒక పెద్ద సరస్సు ఉండేదట. అందులోని నాచు చచ్చి, గాలి అందని అడుగుకు దిగి, పొర మీద పొరగా బురదలో పడుకుందట. పైన మన్ను పేరుకుని, నొక్కి, కాచి, దాన్ని నూనె చేసిందట. కంటికి ఆనని నాచు! ఇవాళ మన బండ్లను నడిపిస్తున్నది అలాంటిదేనంటే ముక్కున వేలేసుకోవాల్సిందే.

ఆ చోటికి పక్కనే తవ్విన బావిలో పడ్డ చమురు ఆ సరస్సు రాళ్ళదేనా? నాయుడి అయిదేళ్ళ చదువూ ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంది. అవునని తేలితే శుక్రవారం సమావేశంలో చమురు కంపెనీ పెద్దలు అక్కడ ఇంకో బావి తవ్వమంటారు. అతనికి డాక్టరేటు వస్తుంది.

రాతిపొడిని కాగితపు గొట్టంలో పోసి, కింద సీసాలో ద్రావకం మరిగిస్తే, ఆ ఆవిరి చల్లారి చుక్కచుక్కగా పొడి మీద పడుతుంది. రాయిలో నూనె ఉంటే మూడు రోజుల్లో సీసాలోకి దిగుతుంది. ఆరు రాళ్ళకు ఆరు సీసాలు. ఏ రాయీ వేయని ఏడోదాన్ని కూడా వాటితోపాటే మరిగించడం అరుంధతిగారి అలవాటు.

"ఏం నాయుడుగారూ, ఇవాళ కూడా గాలికి వంటేనా?" అని ల్యాబు సహాయకుడు సూరిబాబు ఆటపట్టించేవాడు.

మంగళవారం ఉదయం ద్రావకం ఆరిపోయాక చూస్తే, ఆరు సీసాల్లోనూ తేనెరంగు నూనె! సూరిబాబు గంతేసినంత పని చేశాడు. "తాపేశ్వరం కాజాలు ఎప్పుడండీ?" అంటూ టీ తేవడానికి వెళ్ళాడు.

అప్పుడు నాయుడు ఏడో సీసా ఎత్తి వెలుతురులో పెట్టాడు. దాని అడుగునా అదే తేనెరంగు.

రాయే లేనిచోట నూనె ఎక్కడిది? కిందటి నెల సీసాకూ పైగొట్టానికీ మధ్యనుండే గాజు అతుకు ఒకటి పట్టేసి, లాగబోతే పగిలింది. మళ్ళీ అలా కాకూడదని ఈసారి అన్ని అతుకులకూ పల్చగా వాజెలిన్ రాశాడు. వాజెలిన్ కూడా ముడిచమురు బిడ్డే కదా! ఏ దేశపు బావిదో, ఏ సముద్రం అడుగుదో, కరిగి కారి తన ఏడు సీసాల్లోనూ కూర్చుంది.

తొట్టి చేతికందే దూరంలో ఉంది. గదిలో ఎవరూ లేరు. ఒక్కసారి కడిగేస్తే ఏడోది తళతళలాడుతుంది.

నాయుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని అరుంధతిగారి గదికి వెళ్ళాడు. జరిగింది చెప్పాడు.

"ఇంకెవరైనా చూశారా?"

"లేదండీ. నేనొక్కణ్ణే."

ఆవిడ ఆ సీసాను అందుకుని వెలుతురులో తిప్పి చూశారు. "సరే, అతుకులు తుడిచి, కొత్త పొడి పోసి మళ్ళీ పెట్టు."

శుక్రవారానికి అయిదు సీసాలు ఖాళీగా మిగిలాయి. ఆరోదాంట్లో గోటిమీద పట్టేంత మరక. ఏడోది అద్దంలా ఉంది. నాయుడు సమావేశంలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఈ కాస్త ఆధారంతో బావి తవ్వలేమని పెద్దలు లేచిపోయారు.

బయటి మెట్ల మీద అతను ఆగాడు. "మేడమ్, అయిదేళ్ళు... ఇంకో చోట రాళ్ళు వెతుక్కోవాలి."

అరుంధతిగారు అతని చేతిలోంచి కాగితాల కట్ట అందుకుని, చీరకొంగుతో దాని మీది దుమ్ము తుడిచారు.

"రాళ్ళకేం నాయుడూ, పన్నెండు కోట్ల ఏళ్ళు ఆగాయి, ఇంకొన్నాళ్ళు ఆగుతాయి. నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది వాటి కోసం కాదు, ఏడో సీసాను కడిగేయని చేతి కోసం."