మబ్బులను తరిమేసిన రెక్కల ఏనుగు

మనుషులు ఈ నేలకు ఇంకా కొత్తవాళ్లుగా ఉన్న రోజుల మాట. నల్లకొండల నడుమ మేఘవనం అనే అడవి ఉండేది. అందులో రెక్కల ఏనుగులు, మాటలాడే జింకలు, తల మీద మణులు వెలిగే పాములు బతికేవి.

వాటన్నిటికీ పెద్ద మందరుడనే ఏనుగు. మబ్బుల్లోకి ఎగిరి తొండంతో తట్టాడంటే వాన కురవాల్సిందే. ఎండలు ముదిరితే జంతువులన్నీ అతని కొండ కింద చేరి, "మందరయ్యా, కాస్త కరుణించు!" అని మొరపెట్టుకునేవి. దిగువన గుడిసెలు వేసుకున్న మనుషులు చెరకు గడలు తెచ్చి మొక్కేవాళ్లు. మందరుడు తీరిగ్గా చెవులు ఊపుతూ వినేవాడు. వాళ్లు ఎంత బతిమాలితే అతనికి అంత సంతోషం.

అయితే మనుషులు ఊరికే కూర్చోలేదు. రెండు గుట్టల మధ్య రాళ్లు పేర్చి, మట్టి పోసి కట్ట వేశారు. వాననీళ్లు అక్కడ నిలిచి చెరువయ్యాయి. ఆ వేసవిలో కొండ కిందికి ఒక్కరూ రాలేదు.

మందరుడు దారిలో పోతున్న జింకను ఆపాడు. "ఏమే, ఇటు రావడమే మానేశావు?"

"చెరువులో నీళ్లున్నాయి కదా మామా! దాహమైతే వెళ్లి తాగడమే. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు" అంటూ జింక చెంగున దూకి వెళ్లిపోయింది.

మందరుడు అసూయతో రగిలిపోయాడు.

అతని చెల్లెలు తమాల దగ్గరికొచ్చి, "అన్నా, పాముల మణులు ఆరిపోయాయి. మన రెక్కలూ ఏటేటా పలచబడుతున్నాయి. మన కాలం దాటిపోతోంది. ఆ మనుషులు బాగుపడితే మనకేం పోయింది?" అంది.

"రెక్కల్లేవు, దంతాల్లేవు. ఆ రెండు కాళ్ల పురుగులు నాకు సాటా?"

"సాటి అని ఎవరన్నారు? అందరికీ నీళ్లున్నాయి, చాలదా?"

"చాలదు. నన్ను అడిగి తాగాలి!"

తెల్లారగానే అతను ఎగిరి, మబ్బులన్నిటినీ కొండల అవతలికి తరిమేశాడు. "చెరువు ఎండితే వాళ్లే పరుగెత్తుకొస్తారు" అనుకున్నాడు.

చెరువు ఎండింది. అడుగున మట్టి నెర్రెలిచ్చింది. మందరుడు కొండ కొమ్మున నిలబడి వాళ్ల రాక కోసం చూశాడు. ఈలోగా అతని కొండ మీది వాగూ ఎండింది, వెదుళ్లూ మాడిపోయాయి. అయినా అతని చూపంతా ఊరి మీదే.

తమాల మాత్రం ఊళ్లోకి వెళ్లింది. నేలను తొండంతో వాసన చూస్తూ తిరిగి, ఒకచోట ఆగి, "కోనమ్మా, ఇక్కడ తవ్వించు. అడుగున నీళ్లున్నాయి" అని ఊరి పెద్దామెతో చెప్పింది. మనుషులు తవ్వారు. అడ్డొచ్చిన బండలను తమాల లాగేసింది. చివరకు చల్లని ఊట పైకి ఉబికింది.

రెక్కల ఏనుగుల రెక్కలకు మబ్బుల తడే ప్రాణం. మబ్బులు లేక తమాల రెక్కలు ఎండుటాకుల్లా రాలిపోయాయి. వాటితోపాటు మాటా పోయింది. కోనమ్మ కన్నీళ్లతో ఆమె నుదుట పసుపు రాసి, చెరకు గడ అందించింది.

కొండ మీదినుంచి మందరుడు అది చూశాడు. "నాకు పెట్టే చెరకు దానికా!" అని మండిపడి, ఊరి మీద విరుచుకుపడాలని రెక్కలు విదిలించాడు. రెక్కలు ఊడి అతని కాళ్ల ముందే పడ్డాయి.

రోజులు గడిచాయి. దాహం తాళలేక, ఎముకలు తేలిన ఒంటితో అతను కాలినడకన ఊరికి దిగాడు. జంతువులూ మనుషులూ ఊట దగ్గర కలిసి నీళ్లు తాగుతున్నారు.

"ఎవరీ ఏనుగు? పాపం, ఎక్కడినుంచి వచ్చిందో!" అంటూ కోనమ్మ తొట్టి నింపింది. ఎన్నో ఏళ్లు తనకు మొక్కిన మనిషే ఆమె. "నేను మందరుణ్ణి!" అని అరవబోయాడు. ఘీంకారమే వచ్చింది.

తమాల ఒక్కతే అతన్ని గుర్తుపట్టి, తొండంతో అతని వీపు నిమిరింది.

మందరుడు తల వంచి నీళ్లు తాగాడు. అవి తను కురిపించిన వానకన్నా తియ్యగా ఉన్నాయి. అదే అతన్ని అన్నిటికన్నా బాధపెట్టింది.

నీతి: ఎదుటివాడి ఎదుగుదల చూసి కుళ్లుకునేవాడు ఉన్నదీ పోగొట్టుకుంటాడు, కాలం మారిందని తెలుసుకుని నలుగురికీ సాయపడేవాడు ఆదరణ పొందుతాడు.