అరచేతికి తెలిసిన గోడ

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూచోండి. గుమ్మం మీద కూచోకే మంగా, అది లక్ష్మి కూచునే చోటు. ఒరే, నువ్వు గోడకి ఆనుకోకు. వీపంతా సున్నం అంటుకుందంటే మీ అమ్మ నన్ను అంటుంది. ఆఁ, గోడంటే గుర్తొచ్చింది, ఇవాళ గోడ కథే చెబుతాను. ఊ కొట్టడం మానితే కథ ఆగిపోతుంది, ముందే చెబుతున్నా.

అనగనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో బంగారమ్మ అని ఒక ముసలమ్మ. ఆవిడకి ఒక కొడుకు సింహాద్రి, ఒక కోడలు పైడమ్మ. బంగారమ్మకి చూపు పోయి చాలా కాలమైంది. అయినా పాలు పితికేది, ఎసరు పెట్టేది, పాదున బీరకాయ లేతదో ముదిరిందో పట్టి చూసి చెప్పేది. ఎవరైనా చెయ్యందిస్తే మటుకు ఒప్పుకునేది కాదు. పట్టుకు నడిపించడానికి నేనేమన్నా సంతకి తోలే దూడనా అనేది. గోడ మీద అరచెయ్యి ఆనించుకుని ఇల్లంతా తిరిగేది.

సింహాద్రి పాత పూరిల్లు పక్కనే పెంకుటిల్లు కట్టాడు. గోడలు లేచాయి, కప్పు పడింది. ఇక లోపలి గోడలకి ఏం పూయాలీ అన్నది చిక్కు. ఎర్రమట్టితో అలుకు, చల్లగా ఉంటుందన్నారు కొందరు. వట్టి సున్నం కొట్టు, వెలుతురుగా ఉంటుందన్నారు ఇంకొందరు. సింహాద్రికి ఏదీ ఆనలేదు. ఒకసారి కోటలో పందిరి వెయ్యడానికి వెళ్ళి రాజుగారి గోడలు చూసొచ్చాడు. అద్దాల్లాంటి గోడలు. పైగా ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు ఇల్లు కట్టినా, పాలు పొంగించిన రోజున రాజుగారు వచ్చి ఒక ముంత మజ్జిగ తాగి దీవించి వెళ్ళేవారు. అంతటివారు వచ్చి మట్టిగోడలు చూస్తారా, మన గోడలూ కోటగోడల్లా ఉండాల్సిందే అన్నాడు సింహాద్రి. సున్నం నానబెట్టాడు, గానుగ పట్టించాడు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు, కోడిగుడ్డు తెల్లసొన కలిపించాడు. పూయించి, గులకరాయితో రుద్దించి రుద్దించి, వాకిలి నుంచి పెరటిదాకా ఒకటే నునుపు చేయించాడు. సంబరం పట్టలేక పశువుల కొట్టానికి కూడా పూయించాడు. ఈగ వాలితే జారి పడాల్సిందే. ఊ కొడుతున్నారా, కునుకుతున్నారా?

నాలుగు రోజుల్లో పాలు పొంగిస్తారనగా, బంగారమ్మ ఎవరికీ చెప్పకుండా కొత్తింట్లోకి వెళ్ళింది. పాలు పొంగించవలసింది ఇంటికి పెద్దదైన తనే కదా, పొయ్యి దాకా దారి పట్టుకుందామని. గోడ మీద చెయ్యి వేసింది. నున్నగా ఉంది. రెండడుగులు వేసింది. నున్నగా ఉంది. మలుపు తిరిగింది. అక్కడా నున్నగానే ఉంది. పాత ఇంట్లో గోడ ఆవిడతో మాట్లాడేది. ఇక్కడ పెచ్చు ఊడింది, ఇక్కడ మేకుంది, ఇక్కడ పొగ జిడ్డు పట్టింది అని. ఈ గోడ మూగది. అలా పోయి పోయి, పొయ్యి దగ్గరికి వచ్చేశాననుకుని చతికిలబడి, "పైడీ, నిప్పు తేవే" అంది.

పైడి పలకలేదు, గేదె పలికింది.

సింహాద్రి నవ్వాడు, పనివాళ్ళు నవ్వారు, గేదె కూడా నవ్విందనే అంటారు. బంగారమ్మ నవ్వలేదు. పాత ఇంటికి పోయి చాప పరుచుకుంది. బాగా కట్టావు నాయనా, నీ ఇల్లు నువ్వేలుకో, పాలు నీ పెళ్ళాం పొంగిస్తుంది, నేనిక్కడే ఉంటానంది.

"చెయ్యి పట్టుకుని నేను తీసుకెళతాగా అమ్మా."

"అది వద్దనే కదరా" అని అటు తిరిగి పడుకుంది.

పైడమ్మ అత్త పక్కనున్న పాత గోడకేసి చూసింది. నడుమెత్తున ఒక చార, వాకిలి నుంచి పొయ్యి దాకా నిగనిగలాడుతోంది. ఇన్నేళ్ళూ అత్త అరచెయ్యి నడిచిన దారి అది. పైడమ్మ కొంగు దోపింది, తాపీ అందుకుంది, కొత్తింటికి పోయి ఆ నున్నటి గోడని నడుమెత్తున జానెడు వెడల్పున గీకడం మొదలెట్టింది. సింహాద్రి లబోదిబోమన్నాడు. రాజుగారు చూస్తే ఏమనుకుంటారే అన్నాడు.

"రాజుగారు మనింట్లో పొయ్యి వెతుక్కుంటారా మావా?"

"ఆయనకేం పని?"

"వెతుక్కునేవాళ్ళకి పూస్తున్నాను. ఆ ఇసుక ఇలా అందుకో."

సింహాద్రి అందించాడు. మొగుళ్ళకి ఒక్కోసారి అంతకంటే తెలివైన పని ఉండదు.

పైడమ్మ గీకిన చోట గుమ్మం పక్కన ఇసుక కలిపిన సున్నం పూసింది. వసారాలో తడి సున్నం మీద తన వేళ్ళతో గీతలు లాగింది. వంటింట్లో ఊక కలిపిన మట్టి మెత్తింది. దేవుడి గూడు దగ్గర మటుకు మొగుడి నునుపు ముట్టుకోలేదు.

పాలు పొంగించే పొద్దు వచ్చింది. పైడమ్మ పాలచెంబు తెచ్చి అత్త చేతిలో పెట్టింది. ఒక్కసారి గోడ మీద చెయ్యి వెయ్యి అత్తా, నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం, నేనూ నీతో ఈ పూరింట్లోనే ఉంటానంది. బంగారమ్మ సణుక్కుంటూ లేచింది. గోడ మీద చెయ్యి వేసింది. గరుగ్గా తగిలింది. ఆగింది. కదిలింది. వేళ్ళు గీతల్లో పడ్డాయి. అవి ఎవరి వేళ్ళో ఆవిడకి తెలిసిపోయింది. ఇంకాస్త ముందుకెళితే ఊక పొడిచింది.

గరుకు తగిలితే గుమ్మం,
గీతలు తగిలితే వసారా,
ఊక పొడిస్తే పొయ్యి,
నున్నగుంటే దేవుడు.

అనండి మీరూ. గరుకు తగిలితే గుమ్మం... ఆఁ, అలాగే. చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. చుక్క పాలు ఒలకలేదు. బంగారమ్మ పొయ్యి ముందు కూచుని, "పైడీ, నిప్పు తేవే" అంది. ఈసారి పైడే పలికింది. పాలు బుసబుసా పొంగాయి.

అంతలో రాజుగారు రానే వచ్చారు. ఇంత అందమైన గోడకి ఈ గరుకు చార ఏమిటని అడిగారు. బంగారమ్మ ఒక చేత్తో మజ్జిగ ముంత పట్టుకుని, రెండో చెయ్యి గోడ మీద వేసి, తిన్నగా నడిచొచ్చి రాజుగారికి అందించింది.

"మా కోడలు నాకు వేసిన దారి బాబూ" అంది, తల ఎత్తుకుని.

రాజుగారు ముంత చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయారు. కోటలో ఆయన తల్లికీ చూపు లేదు మరి. ఇద్దరు దాసీలు చెరో రెక్కా పట్టుకుంటే తప్ప ఆ తల్లి మంచం దిగదు.

మర్నాడు పైడమ్మ కోసం కోట నుంచి పల్లకీ వచ్చింది. ఒళ్ళో తాపీ పెట్టుకుని ఎక్కి కూచుంది. వెనకే సింహాద్రి, నెత్తిన ఇసుక తట్టతో. దారిలో అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ ఒకటే మాట చెప్పాడట. మా గోడలు కోటగోడల్లా ఉండాలనుకున్నాను గానీ, ఇప్పుడు కోటగోడలే మా గోడల్లా ఉండబోతున్నాయి అని.

అంచేత, గోడకి పూత పూసేది చూసి పోయేవాళ్ళ కోసం కాదర్రా, ఉండేవాళ్ళ కోసం. కథ కంచి దారి పట్టింది, మీరు మీ ఇంటి దారి పట్టండి. అన్నాలు చల్లారిపోతున్నాయి. కడుపునిండా తినండి. మంగా, తిన్నాక చెయ్యి గోడకి తుడవకు.