కొండ దిగడానికి మిగలని గడియ

గడియకో కోసు చొప్పున కొండకోటకు పోయి వస్తానని దివాను వెంకోజీ, రాజుగారి ముందు కోతలు కోశాడు. పల్లకీ కోట వాకిలి చేరేసరికి నాలుగో గడియ గంట మోగింది. రెండు కోసుల దారికి నాలుగు గడియలు!

"ఎక్కేటప్పుడు గడియకు అరకోసే నడిచారు, దున్నపోతుల్లారా! దిగేటప్పుడు కోసున్నర నడవండి, సగటున కోసవుతుంది. కాలేదో, మీ మాన్యం ఊడబెరుకుతాను!" పల్లకీలోంచే బోయీల మీద అరిచాడు.

ఆ మాన్యం పోతే బోయీల ఇళ్లలో పొయ్యి వెలగదు. వాళ్లకు నీళ్లకుండ మోసే సింగమ్మ కుండ దించి పల్లకీ ముందుకొచ్చింది.

"దొరా, రానుపోను నాలుగు కోసులు. గడియకో కోసంటే ఎన్ని గడియలండీ?"

"నాలుగు! ఆ మాత్రం తెలీదటే?"

"ఆ నాలుగూ ఎక్కడానికే అయిపోయాయి. ఇక దిగడానికి గడియేదండీ?"

దివాను వేళ్లు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. ముఖం నల్లబడింది. "నా మాటంటే మాటే! లెక్క తప్పకుండా కొండ దించండి!"

సింగమ్మ సైగ చేసింది. బోయీలు పల్లకీని కొండ అంచుకు మోసుకెళ్లారు. కింద లోయ.

"ఏయ్, ఏం చేస్తున్నారు?"

"దారిన పోతే ఆలస్యమని, ఇటునుంచి వదిలేద్దామనండీ. అయినా లెక్క తప్పుతుంది దొరా. పడ్డానికైనా కాస్త సేపు పడుతుంది కదా!" అంది సింగమ్మ.

దివాను రెండు చేతులా పల్లకీ బొంగు వాటేసుకున్నాడు.

"మాన్యం మీదేనమ్మా! దారినే పోదాం... నింపాదిగా!"