వట్టిచేతుల గుట్ట

రేగులపాడు దాటి తూర్పుకు తిరిగితే జొన్నచేల వెనుక నల్లరాళ్ల గుట్ట ఒకటి కనిపిస్తుంది. గుట్ట నడుమ సున్నం కొట్టిన చిన్న గుడి, గుడి వెనుక బండ చీలికలో ఊరే చెలమ ఉన్నాయి. ఇదే వట్టిచేతుల గుట్ట. గుడిలోని మంచి కాపరి అయిన ప్రభువు స్వరూపం భుజాల మీద గొర్రెపిల్లకు బదులు ముసలి గొర్రె ఉంటుంది. చెక్కినవాడు పొరబడ్డాడని కొందరు అనుకుంటారు. అతడు పొరబడలేదు.

ఈ గుడిలో కానుకల పెట్టె లేదు. కొవ్వొత్తులు, పూలదండలు తెచ్చినవారు వాటిని మెట్ల మొదట ఉన్న అరుగు మీద ఉంచి పైకి రావాలి. దిగి వెళ్లేటప్పుడు ఎవరివి వారు ఇంటికి తీసుకుపోవాలి. కొత్తవారికి ఇది కష్టంగా తోస్తుంది. "అంత దూరం నుంచి తెచ్చామమ్మా, ఒక్క వత్తి అయినా వెలిగించనీయండి" అని బతిమాలుతారు. వారి కోసమే, మా ఇంట్లో తల్లి బిడ్డకు చెప్పుకొంటూ వచ్చిన సంగతిని విన్నది విన్నట్టు వ్రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లూ లేవు. గుట్ట పడమటి వైపు చిన్నప్ప అనే గొర్రెల కాపరి, అతని భార్య శౌరమ్మ కాపురముండేవారు. ఆ పల్లెలో సువార్త విని జ్ఞానస్నానం పొందిన మొదటి ఇళ్లలో వారిదొకటి. ఆ కాపరులు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు క్రైస్తవ గురువుల ముందు పొట్టేలు పిల్లను నిలపాలి. గురువులు ఎన్నడూ అడిగింది లేదు. అయినా పొట్టేలు పిల్ల లేకుండా బిడ్డను ఎత్తుకుపోవడం దేవుని వాకిట తలవంపు అని వారు నమ్మారు.

శౌరమ్మకు నెలలు నిండకుండానే ఆడబిడ్డ పుట్టింది. ఆ వేసవిలోనే మందకు రోగం తగిలి గొర్రెలన్నీ పోయాయి. మిగిలింది ఒక ముసలి కుంటి గొర్రె. బిడ్డ రోజురోజుకూ నీరసించిపోతోంది. జ్ఞానస్నానం లేకుండా బిడ్డ పోతుందేమోనని తల్లికి దిగులు పట్టుకుంది.

"ఏమయ్యా, పిల్ల పాలు కూడా తాగడం లేదు. గురువులు గుట్ట అవతల కోనంపల్లెలో దిగి ఉన్నారంట. పోదాం రా" అన్నది శౌరమ్మ.

"ఏం పట్టుకొని పోను? వట్టిచేతులతో మనోళ్లలో ఎవరైనా పోయినారా?"

"దేవుడు అడిగినాడా?"

"అడగాల్నా? మందను ఎందుకు సాకుతాం చెప్పు. ఉన్నికి, ఎరువుకి, అమ్ముకోవడానికి. దేవుడు మాత్రం మనుషుల్ని ఊరికే చేసి ఉంటాడా? మనతో ఆయనకు ఏదో పని ఉండబట్టే చేసినాడు. దానికి పనికిరానోణ్ణి ఆయన మాత్రం ఏం చేసుకుంటాడు?"

శౌరమ్మ గుంజ పక్కన పడుకున్న గొర్రెను చూపింది. "మరి దీన్నెందుకు సాకుతుండావు? ఈనదు, పాలీయదు, ఉన్ని అంతా రాలిపోయింది. మొన్న బేరగాడు వస్తే కర్ర తీసుకొని తరిమితివే. ఏం లాభమని?"

"దాని సంగతి ఇప్పుడెందుకే."

"చెప్పు మరి."

"చెప్పేదానికి ఏముంది. అది ఉండాల, అంతే. పొద్దున లేస్తే అది నా కంటికి కనపడాల."

"నీకుండే ఆ పాటి మనసు దేవునికి లేదంటావు. అయితే ఆయన కన్నా నువ్వే మంచి కాపరివి" అని శౌరమ్మ బిడ్డను గుడ్డలో చుట్టుకొని లేచింది.

చిన్నప్ప బిడ్డను తన చేతుల్లోకి తీసుకొని గుట్ట వైపు నడిచాడు. శౌరమ్మ నీళ్ల సొరకాయ బుర్ర పట్టుకొని వెంట నడిచింది. ఎవరూ పిలవకపోయినా గొర్రె కూడా కుంటుకుంటూ బయలుదేరింది.

ఎండ మండిపోతోంది. గుట్ట సగం ఎక్కేసరికి బుర్రలో నీళ్లు అయిపోయాయి. అక్కడే బిడ్డ పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. కోనంపల్లె చేరడం కాని పని అని ఇద్దరికీ తెలిసింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని ఉపదేశి చెప్పిన మాట శౌరమ్మకు గుర్తుంది. కాని గొంతు తడుపుకోవడానికే చుక్క లేదు, బిడ్డ తల మీద పోయడానికి నీళ్లెక్కడివి?

అప్పుడు చిన్నప్ప వెనక్కి తిరిగి చూస్తే గొర్రె లేదు. పొదల అవతల నుంచి నీళ్లు తాగే చప్పుడు వినిపించింది. ఎన్నో ఏళ్లు ఆ గుట్ట మీద మందను తిప్పిన చిన్నప్పకు కూడా తెలియని చెలమ అది. దాని చుట్టూ, ఆ కరువు వేసవిలో, నీలం పూలు విరగబూసి ఉన్నాయి. కోసేవారు లేరు, చూసేవారు లేరు. ఎవరి కోసం ఇవి పూశాయి అనుకుంటూ అతడు క్షణం నిలబడిపోయాడట.

బిడ్డను తల్లి ఒడిలో పెట్టి చిన్నప్ప రెండు చేతులూ చెలమలో ముంచాడు. పొట్టేలు పిల్లను పట్టుకు రావలసిన ఆ చేతులనే దోసిలి పట్టి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున బిడ్డ తల మీద నీళ్లు పోశాడు. బిడ్డ ఉలిక్కిపడి, దగ్గి, ఏడ్చింది. ఆ ఏడుపు విని శౌరమ్మ కూడా ఏడ్చింది. ఆ బిడ్డే ఆరోగ్యమ్మ, మా జేజి, అంటే అవ్వ.

సాయంత్రానికి వారు కోనంపల్లె చేరారు. జరిగిందంతా విని గురువులు బిడ్డ నుదుట సిలువ గుర్తు వేశారు. చిన్నప్ప తలవంచుకొనే అడిగాడు.

"సామీ, ఆయనకు మనతో ఏం పని ఉండి చేసినాడు?"

"ఏ పనీ లేదు చిన్నప్పా. లోకం లేనప్పుడూ ఆయనకు కొరత లేదు. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకరి ప్రేమలో ఒకరు నిండుగానే ఉన్నారు. ఆ సంతోషంలో నీకూ భాగం ఉండాలనుకున్నాడు. పని ఉండి చేసినవాడు పని తీరాక పారేస్తాడు. ఆయనకు నీతో పని లేదు. కనుకనే నిన్ను ఏనాడూ పారేయడు."

"మరి మేం చేసే పూజలు, పాడే పాటలు?"

"నీ గొర్రె నీ చేయి నాకుతుంది కదా. దాంతో నీ కడుపు నిండుతుందా?"

"ఎక్కడ నిండుతుంది సామీ."

"వద్దంటావా?"

చిన్నప్ప నవ్వాడు. మంద పోయిన తరువాత అతడు నవ్వడం అదే మొదలని శౌరమ్మ చెప్పేదట.

తరువాత ఆ కాపరులే రాళ్లు మోసి ఇక్కడ గుడి కట్టారు. పొట్టేలు పిల్ల కట్టుబాటు అంతటితో పోయింది.

నేటికీ మంచి కాపరి ఆదివారం నాడు ఇక్కడ దివ్యపూజ జరుగుతుంది. ఆ రోజు మంచాన పడినవారిని, మతి తప్పినవారిని, పసిబిడ్డలను, ఇంట్లో ఏ పనికీ అక్కరకు రారని అనిపించుకున్న వారందరినీ ఎత్తుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెడతారు. పూజ అయ్యాక సంఘపెద్ద చెలమ దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ "ఏం తెచ్చావు?" అని అడుగుతాడు. "ఏమీ తేలేదు" అని చెప్పి దోసిలి పట్టాలి. అతడు నీళ్లు పోస్తాడు. తాగిన వారందరి జబ్బులూ నయమవుతాయని మేము చెప్పము. కొందరికి నయమైంది, కొందరికి కాలేదు. కాని దేవునికి తాము బరువు కామన్న నిబ్బరంతో వారు గుట్ట దిగడం మేము ఏటా చూస్తున్నాము.

పోయిన ఏడు కాళ్లు పడిపోయిన ఒక ముసలమ్మను కోడలు, మనుమడు కుర్చీలో మోసుకొచ్చారు. "ఏం తెచ్చావమ్మా?" అని సంఘపెద్ద అలవాటుగా అడిగాడు.

"నేనేం తెస్తాను నాయనా, నన్నే తెచ్చినారు" అన్నదామె.

ఆయన ఆమె దోసిలి కింద తన చేయి పెట్టి, నీళ్లు పొర్లిపోయేదాకా పోశాడు.