ఉన్నికి మైల లేదు

నాగావళి ఒడ్డున ఒక వేదపాఠశాల ఉండేది. దానికి పెద్ద, సాంబమూర్తి ఘనాపాఠిగారు. ఆయన్ని ప్రశ్న అడగాలంటే శిష్యులు జంకేవారు. కోప్పడతారని కాదు, జవాబు చెప్పరని. ఎంత పెద్ద ప్రశ్నైనా కళ్ళు సగం మూసుకుని వినేవారు. విని, "ఊఁ, రేపు మీ ఇంటికి భోజనానికొస్తాను" అనేవారు. అన్నట్టే వచ్చేవారు. తిని, ఏదో ఒక్క ముక్క అని, కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయేవారు. జవాబు ఆ ముక్కలో ఉందో, తిన్న కూరలో ఉందో, అడిగినవాడే వెతుక్కోవాలి.

ఒకసారి ఒక శిష్యుడు కోపాన్ని జయించడం ఎలాగండీ అని అడిగాడు. మర్నాడు ఆయన విస్తరి ముందు కూర్చుని ఉండగానే, పప్పులో ఉప్పు తక్కువైందని ఆ శిష్యుడు పెళ్ళాం మీద ఇంతెత్తున లేచాడు. ఘనాపాఠిగారు తాపీగా చెయ్యి కడుక్కుని, "ఇది నన్నడుగుతావేవిట్రా? మీ ఆవిడ రోజూ జయిస్తూనే ఉందిగా!" అని చక్కాపోయారు. ఈ సంగతి నలుగురి నోళ్ళలో నానాక పాఠశాలలో ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి.

అలాంటి మనిషి దగ్గరికి యజ్ఞేశ్వరం తనంతట తాను ప్రశ్న పట్టుకుని వెళ్ళాడంటే, పాపం, ఎంత గుబులుగా ఉండి వెళ్ళాడో ఊహించుకోవచ్చు.

యజ్ఞేశ్వరం ఆ పాఠశాలలోనే చదివి, అక్కడే చిన్నపిల్లలకి వేదం వల్లెవేయిస్తూ సంత చెబుతున్నవాడు. నెమ్మదస్తుడు. నిష్ఠలో మాత్రం వెంట్రుకవాసి తేడా రానివ్వడు. మొదటి కాన్పులో పుట్టిన మగపిల్లవాడు ఏడాది నిండకుండానే చలికాలంలో జబ్బుచేసి పోయాడు. రెండోది ఆడపిల్ల, బుజ్జమ్మ. పారాడే ఈడు. ఆ పిల్ల తుమ్మితే యజ్ఞేశ్వరం గుండె జారిపోయేది. మళ్ళీ చలి మొదలయ్యేసరికి అతనికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. తనకి తెలిసిన విద్య ఒకటే. అందుకని పిల్ల ఆయురారోగ్యాలకోసం నలభై రోజుల మండలదీక్ష పట్టి, మృత్యుంజయ జపం మొదలుపెట్టాడు.

దీక్ష అంటే మాటలా! తెల్లవారకుండా ఏట్లో స్నానం, మడి, జపం. దీక్షలో ఉన్నవాడు మడివంట తప్ప ముట్టడు కనక, భార్య శకుంతల కూడా పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని, సగం ఆరని మడిచీర చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోవాలి. జపమూ నైవేద్యమూ అయ్యి అతను భోంచేశాకే ఆవిడ భోజనం. పాలిచ్చే తల్లికి అప్పటికి కళ్ళు బైర్లు కమ్మేవి. ఇంతలో పిల్ల ఏడ్చేది. ఎత్తుకుందామంటే పిల్ల ఒంటి మీద మైలబట్ట. ముట్టుకుంటే మడి పోతుంది. మళ్ళీ తలమీంచి నీళ్ళు పోసుకుంటే తప్ప వంట సాగదు.

ఈ చిక్కు యజ్ఞేశ్వరమే విప్పాడు. శాస్త్రం బట్టనే మైల అంది గాని పసిపిల్లని అనలేదు కదా! బట్ట విప్పేస్తే పిల్లని ఎవరైనా ఎత్తుకోవచ్చు, మడి చెడదు. మన పెద్దవాళ్ళ ఇళ్ళలో ఉన్న ఆనవాయితీయే. శకుంతల అవస్థ చూడలేక దయతోనే చెప్పాడు గాని, ఇంకోటి కాదు. అప్పటినుంచీ పొద్దుటి స్నానం మొదలు మధ్యాహ్న భోజనం దాకా బుజ్జమ్మ ఒంటిమీద మొలతాడు తప్ప మరేమీ ఉండేది కాదు. ఆ మొలతాడుతోనే గచ్చునేల మీద ఇల్లంతా పారాడేది. సాయంత్రం జపం వేళ, బట్ట తొడిగి ఉన్నప్పుడు తండ్రి పీట దగ్గరికి వస్తే మాత్రం అతను గాభరాగా ఒక జానెడు వెనక్కి జరిగి, "ఆగక్కడ! ముట్టుకోకు, మడి!" అని కేకేసేవాడు. పిల్ల ఆగిపోయి అతని మొహంకేసి చూసేది. ఆ చూపుకి అతని ప్రాణం ఉసూరుమనేది. అయినా జపమాల వదిలేవాడు కాదు, ఆ పిల్లకోసమే కదా జపం అని.

పిల్లకి పడిశం పట్టింది. తల్లికి ఒళ్ళు వెచ్చబడింది. "ఏవండీ, కాస్త వేణ్ణీళ్ళు పోసుకుంటానండీ, పిల్లకి చొక్కా తొడుగుతానండీ" అని శకుంతల రెండుమూడుసార్లు అంది. వేణ్ణీళ్ళు మడికి పనికిరావు కదా అని యజ్ఞేశ్వరం నచ్చజెప్పాడు. దీక్షలో ఎక్కడో లోపం జరిగి ఉంటుంది, నియమం ఇంకాస్త గట్టి చెయ్యాలి అని అతని అనుమానం.

ఆ అనుమానంతోనే గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని అడిగాడు.

"గురువుగారూ, బిడ్డ ఆరోగ్యంకోసం తండ్రైనవాడు చెయ్యవలసిన అనుష్ఠానం ఏవిటండీ? నేను చేస్తున్నది చాలడం లేదు. ఇంతకన్నా కఠినమైనది ఏదైనా ఉంటే సెలవియ్యండి."

ఘనాపాఠిగారు కళ్ళు సగం మూసుకున్నారు. "ఊఁ" అన్నారు. "రేపు భోజనానికొస్తాను."

మర్నాడు ఆయన వచ్చేసరికి ఎండ పొడ వచ్చినా చలి వదల్లేదు. యజ్ఞేశ్వరం ఎదురువెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చాడు. పట్టుపంచె కట్టుకుని, భుజాలమీదుగా దళసరి ఉన్నిధావళి కప్పుకుని ఉన్నాడు. దీక్షకోసమని దాచి ఉంచిన ధావళి అది, అతని తండ్రిగారిది. లోపల వంటింట్లో శకుంతల దగ్గు వినిపిస్తోంది. నడవలో రెండు విస్తళ్ళు వేసి ఉన్నాయి. గుమ్మం పక్కన గచ్చుమీద బుజ్జమ్మ కూర్చుని ఉంది. ముక్కు కారుతోంది. కొత్తమనిషిని చూసి ఏడవడానికి నోరు తెరిచింది గాని, ఏడుపు పైకి రాలేదు.

"రండి, పీటమీద కూర్చోండి" అన్నాడు యజ్ఞేశ్వరం.

ఘనాపాఠిగారు పీటమీద కూర్చోలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పిల్ల ఎదుట గచ్చుమీద చతికిలబడ్డారు. వేలు పెట్టి దాని అరికాలు ముట్టుకుని చూశారు.

"ఒరే యజ్ఞం, దీని డొక్కలు చూశావుట్రా?"

"ఆఁ?"

"దగ్గరికొచ్చి చూడు. అక్కణ్ణించి కాదు."

యజ్ఞేశ్వరం వచ్చి వంగి చూశాడు. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి లాక్కుపోతోంది. గొంతులో సన్నగా పిల్లికూతలు. అవి ఇవాళ మొదలైనవి కావు. అతను పీటమీద కూర్చుని మంత్రం చదువుతున్నంతసేపూ అవి ఆ ఇంట్లో ఉన్నాయి, అతని గొంతే పెద్దది కావడంవల్ల వినపడలేదు. మొదటివాడు పోయేముందు సరిగ్గా ఇలాగే డొక్కలెగరేశాడు. యజ్ఞేశ్వరం గోడ పట్టుకున్నాడు.

"గురువుగారూ, నియమంలో ఏదో లోపం..." అన్నాడు.

ఇంతలో శకుంతల గుమ్మంలోకి వచ్చింది. చీరకొంగు ఇంకా తడిగానే ఉంది. జ్వరానికి మొహం ఎర్రబడింది. గురువుగారి ఎదుట ఎప్పుడూ నోరెత్తని మనిషి, ఆవేళ ఎత్తింది.

"చలేస్తోంది, దానికి బట్ట తొడుగుదామని నేను మొన్నటినుంచీ చెబుతూనే ఉన్నానండీ బాబుగారూ! నా మాటకి కూడా మైలంటిందేమో, చెవిన పడనివ్వలేదు."

అనేసి ఏడ్చింది. దాచుకోలేదు కూడా.

ఘనాపాఠిగారు యజ్ఞేశ్వరం వైపు తిరిగి, పాఠం ఒప్పజెప్పించుకునే గొంతుతో అడిగారు.

"నీ భుజాలమీద ఉన్నదేవిట్రా?"

"ధావళి అండి."

"నూలుదా?"

"కాదండి. ఉన్నిది."

"ఉన్నికి మైల ఉందా?"

"లేదండి. నూలుబట్టకే మైల. ఉన్నికి మైల లేదు. ఎప్పుడూ మడే..."

పిల్లలకి సంత చెప్పే ధోరణిలో గడగడా అనేశాడు. చివరి మాట నోట్లో ఉండగానే తను ఏమన్నాడో తనకే వినపడింది. అంతే, ఆగిపోయాడు.

"మరి?" అన్నారు ఘనాపాఠిగారు.

యజ్ఞేశ్వరం ధావళి తీసి, పిల్లని కాళ్ళదగ్గర్నుంచి మెడదాకా చుట్టాడు. చుట్టడం చేతకాక ఒకవైపు జారిపోతుంటే శకుంతల సర్దింది. తండ్రి ఒంటి వేడి ఇంకా అందులో ఉంది కాబోలు, బుజ్జమ్మ మూలగడం మానేసి అందులోకి మొహం దూర్చుకుంది. తలుపు సందుల్లోంచి ఏటిగాలి వచ్చి యజ్ఞేశ్వరం వట్టి వీపుకి తగిలింది. దీక్ష పట్టాక మొదటిసారి అతనికి తన ఇంట్లో ఎంత చలిగా ఉందో తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

"అమ్మాయీ, ఆ తడిచీర మార్చుకో. వండిన అన్నం వేడిగా ఉండగా నాలుగు ముద్దలు నువ్వు తిను. నేను బండి పిలుస్తాను" అని ఘనాపాఠిగారు లేచారు. వేసిన విస్తళ్ళు వేసినట్టే ఉన్నాయి. అడిగినవాడి ఇంట్లో ఆయన భోంచెయ్యకుండా వెళ్ళడం ఆ ఒక్కసారే.

బస్తీ ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్లని చూసి, ముందు చెయ్యవలసింది చేసి, తరవాత తిట్టవలసింది తిట్టింది. ఇంకొక్కరోజు ఆగి ఉంటే తనవల్ల కూడా అయ్యేది కాదంది. "చలికాలం పసిపిల్లకి బట్టలు విప్పి గచ్చుమీద వదిలారా? చదువుకున్నవాళ్ళేనా మీరు?" అంది. అన్ని వేదాలు చదివిన యజ్ఞేశ్వరం తల దించుకుని, "చదువుకున్నానండి" అన్నాడు. తల్లిని చూసి, ఈవిడకీ మంచం కావాలంది. దాంతో పిల్ల పని అంతా తండ్రి మీద పడింది.

పడుకోబెడితే ఆయాసం ఎక్కువవుతోందని పిల్లని గుండెమీద నిలువుగా పట్టుకుని కూర్చోమన్నారు. కూర్చున్నాడు. చెంచాతో గంజినీళ్ళు పట్టించాడు. ముక్కు తుడిచాడు. పంపు దగ్గర ఆడవాళ్ళ మధ్య నిలబడి పొత్తిగుడ్డలు ఉతుకుతుంటే, వాళ్ళు నవ్వి, "పంతులుగారూ, అలా కాదు, సబ్బు పెట్టి జాడించండి" అని నేర్పారు. వేదంలో ఘనం నేర్చుకోవడమే సులువనిపించింది అతనికి. స్నానం లేదు, మడి లేదు, జపమాల ఎక్కడ పెట్టాడో జ్ఞాపకం లేదు. పిల్ల మాత్రం నిద్రపట్టక సతాయించినప్పుడు, వేరే జోలపాటలు రాక, వచ్చిన మంత్రమే నెమ్మదిగా గొణిగేవాడు. అతని గుండెమీద చెవి ఆన్చుకుని పడుకునేది. అలా అతని ఒళ్ళంతా పాలవాసనా మందులవాసనా కొడుతూ ఉన్నప్పుడు, పిల్ల డొక్కలు ఎగరెయ్యడం ఆపింది. యజ్ఞేశ్వరం చాలాసేపు నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ చెవి పెట్టి విన్నాడు. తరవాత శకుంతల మంచం దగ్గరికి వెళ్ళి, పిల్లని ఆవిడ పక్కలో పెట్టి నిలబడ్డాడు. ఆవిడ చూసి, "మీరేమైనా తిన్నారా?" అంది.

తల్లీపిల్లా తేరుకుని ఇంటికి వచ్చారు. శకుంతల వేణ్ణీళ్ళు పోసుకుని, పొడిచీర కట్టుకుని, ముందు తను చద్దన్నం తిని తరవాత వంట చేస్తోందని వీధిలో కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. లోకులు కాకులు, అంటూనే ఉంటారు. యజ్ఞేశ్వరం వినిపించుకోలేదు. కాని అతని మనసులో ఒక ముల్లు మిగిలిపోయింది. దీక్ష మధ్యలో పోయింది. గురువుగారు విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయారు. అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉంది.

ఆ రోజు అతను పాఠశాల పని ముగించుకుని, బజారుకి వెళ్ళి పిల్లకి మందూ, ఇంట్లోకి కూరలూ తీసుకుని ఇంటికొచ్చాడు. చూస్తే, తన అరుగుమీద ఘనాపాఠిగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ధావళి చుట్టుకుని బుజ్జమ్మ. ఆయన కర్ర పట్టుకు లాగుతోంది. లోపల శకుంతల విస్తళ్ళు కడుగుతున్న చప్పుడు. బాకీపడ్డ భోజనానికి పిలవకుండానే వచ్చారన్నమాట.

తండ్రిని చూడగానే పిల్ల కర్ర వదిలేసి రెండు చేతులూ చాపింది. యజ్ఞేశ్వరం సంచీ కిందపడేసి, మెట్లెక్కుతూనే, "గురువుగారూ, ఆవేళ నేనడిగిన అనుష్ఠానం..." అంటూ పిల్లకోసం చేతులు చాపాడు.

ఘనాపాఠిగారు చటుక్కున ఒక జానెడు వెనక్కి జరిగి, పిల్లని అటు భుజానికి తిప్పుకున్నారు.

"ఆగక్కడ! ముట్టుకోకు. అది మడిలో ఉంది. ముందు కాళ్ళూ చేతులూ కడుక్కురా."