మొన తేలిన గుండు

షికారి సోనేరావు ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఎడ్లబండిలో దవాఖానాకు తీసుకుపోయారు. బండి కనుమరుగయ్యేదాకా చూసి, రాజలింగు తన ఉస్తాద్ కొట్టంలోకి వచ్చి పలక ముందేసుకుని కూర్చున్నాడు. తూటాల్లో పోసిన మందు లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. మూడుసార్లు మళ్ళీ చేశాడు. మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది.

ఆ అడవి పల్లెల్లో కొత్త తూటాలు దొరకవు. కాల్చేసిన ఇత్తడి డొప్పల్నే ఏరుకొచ్చి, కడిగి, అడుగున, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే కొత్త టోపీ కూర్చి, తుపాకి మందు పోసి, పైన సీసపు గుండు బిగించి మళ్ళీ వాడతారు. దస్తగీర్ ఉస్తాద్ నలభై ఏళ్లుగా చేస్తున్న పని అదే. రాజలింగు ఆయన దగ్గర చేరి రెండేళ్లు. కొలతల్లో దిట్ట, నోటితోనే లెక్క కట్టేస్తాడు; అందుకే ఉస్తాద్ పంతులూ అని పిలుస్తాడు.

ఆ యేడు ఒక చిరుత మనుషుల్ని తినడానికి అలవాటు పడింది. ముగ్గుర్ని పొట్టన పెట్టుకున్నాక, ఒక సాయంత్రం సోనేరావుకు దూరంగా కనిపించింది. కాల్చాడు. గుండు జానెడు కిందికి దిగి రాయికి తగిలింది. మర్నాడు గడ్డికి పోయిన ఒక ఆడమనిషి తిరిగి రాలేదు.

అప్పట్నుంచి రాజలింగుకు ఒకటే పట్టు. ఉస్తాద్ పోసే గుండ్లకు ముక్కు చదును. మొన తేలిస్తే గాలిని చీల్చుకుపోతాయి, అంత దిగవు. ఉస్తాద్ ఊళ్లో లేని వారంలో కంచరివాడితో కొత్త అచ్చు చేయించాడు. అచ్చాఫీసులో అరిగిపోయిన అక్షరాల సీసం తెచ్చి, మొన గట్టిగా నిలిచేలా పోశాడు. పన్నెండు కాల్చి చూశాడు. జానెడు తేడా రెండు వేళ్లకు తగ్గింది. ఇంకో పది నింపి, ఆరు సోనేరావు చేతిలో పెట్టాడు.

ఈ పొద్దున సోనేరావు చిరుత మీద మొదటి తూటా కాల్చాడు. ఆ దెబ్బతోనే చేతి కింద తుపాకి పేలిపోయింది.

ఉస్తాద్ లోపలికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"లెక్క సరిగ్గనే ఉంది ఉస్తాద్. మందు గింజంత కూడ ఎక్కువ పొయ్యలే."

"ఉండొచ్చు. కాల్చి చూసినప్పుడు తుపాకిల ఎన్ని పెట్టినవ్?"

"ఒక్కొక్కటే. పెట్టి, కాల్చి, కొలుసుకున్న."

సోనేరావుది మీట తుపాకి. బ్యారెల్ కింద ఇంకో సన్నటి గొట్టం ఉంటుంది. ఆరు తూటాలు అందులో వరసగా పడుకుంటాయి, మీట లాగినప్పుడల్లా ఒకటి పైకి వస్తుంది. ఉస్తాద్ సగానికి చీల్చిన ఒక వెదురు బద్ద తీసుకున్నాడు. మిగిలిన నాలుగు మొన తూటాల్ని గొట్టంలో ఉన్నట్టే అందులో వరసగా పేర్చాడు.

"ఎడమ చేత్తో పట్టుకో. షికారోడు పట్టుకున్నట్టు."

రాజలింగు పట్టుకున్నాడు. ఉస్తాద్ కర్ర సుత్తి ఎత్తాడు.

"కాలిస్తే తుపాకి తన్నుతది గద. అట్ల కొడత. కదలకు."

రాజలింగు బద్దలోకి చూశాడు. వెనక తూటా మొన ముందు తూటా టోపీకి సరిగ్గా నడిమధ్యన ఆనుకుని ఉంది. చదును ముక్కయితే డొప్ప అడుగంతటికీ ఆనేది, టోపీని పొడిచేది కాదు. దాని ముందు ఇంకోటి. దాని ముందు ఇంకోటి.

చెయ్యి దానంతటదే వదిలేసింది. తూటాలు గడ్డిలో పడ్డాయి.

"ఎందుకు ఇడిసినవ్, పంతులూ? లెక్క సరిగ్గనే ఉందంటివి."

రాజలింగు మళ్ళీ పలక వైపు చూడలేదు.

మధ్యాహ్నం సోనేరావు తమ్ముడు జంగు వచ్చాడు. భుజాన పటేలు దగ్గర అడిగి తెచ్చుకున్న ఇంకో మీట తుపాకి ఉంది.

"చిరుతకు దెబ్బ తాకింది ఉస్తాద్. వాగు దాక నెత్తురు చుక్కలున్నయ్. ఇంక పరుగెత్తే మేకను పట్టలేదు, మనిషి కోసమే వస్తది. ఆరు తూటాలియ్యున్రి, పాతవి."

ఉస్తాద్ పీట మీంచి లేచి పక్కకు జరిగాడు. జంగు ఆయన వైపూ, ఖాళీ పీట వైపూ చూశాడు.

"ఈడు నింపుతడా?"

రాజలింగు పీట మీద కూర్చుని చదును ముక్కు గుండ్ల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. జంగు అతని వేళ్ల మీంచి చూపు తిప్పలేదు.

"బండిల మా అన్న ఒక్కటే మాట అడిగిండు. నాగలి ఎట్ల పట్టాలె అని."

రాజలింగు మందు కొలిచే చెంచా కాసేపు గాలిలో ఆగిపోయింది. తర్వాత మళ్ళీ కదిలింది.

ఆరు పూర్తయ్యాయి. జంగు చెయ్యి చాపాడు. రాజలింగు తూటాలు ఇవ్వలేదు. లేచి అతని భుజం మీంచి తుపాకి తీసుకున్నాడు. ఆరింటినీ గొట్టంలోకి నెట్టి, పెరట్లోకి నడిచి, ఎడమ చెయ్యి ఆ గొట్టం కిందే ఆనించి, మట్టి దిబ్బ మీదికి గురి పెట్టాడు.

కాల్చాడు. మీట లాగాడు. కాల్చాడు. ప్రతిసారీ కళ్ళు తన ఎడమ చేతి మీదికే పోతున్నాయి. ఆరోది పేలాక కూడా ఆ చెయ్యి గొట్టాన్ని వదలడానికి చాలాసేపు పట్టింది.

లోపలికొచ్చి తుపాకిని జంగుకు అందించాడు. జంగు దాన్ని తీసుకుని గడప మీద కూర్చున్నాడు.

ఉస్తాద్ చెంచాను పీట దగ్గరికి జరిపాడు.

"ఇగ ఈయనకు ఆరు నింపు."