సంగటి మీద సున్నపు చుక్కలు

గద్దలకొండ కోటను శత్రువులు చుట్టుముట్టి ఉన్నారు. బాణాలు తగిలి పడినవాళ్లకంటే వాంతులు, విరేచనాలతో మంచం పట్టినవాళ్లే కోటలో ఎక్కువయ్యారు. వంటలక్క సుంకులమ్మ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. నేరుగా దళవాయి భైరినాయుడి దగ్గరికి వెళ్లింది.

"దొరా, వంటశాల నిండా ఈగలే. కుండల మీద కప్పడానికి, కిటికీలకు కట్టడానికి బట్ట ఇప్పించండి."

"ఆ బట్ట గెలిచాక జెండాలకని దాచాను. కత్తులకే జంకనివాళ్లం, ఈగలకు జంకుతామా?" అని ఆయన నవ్వేశాడు.

సుంకులమ్మ వెనుదిరిగింది. సైనికులు దొడ్డికి వెళ్లే గుంటల నిండా సున్నం చల్లించింది. దొరగారి గుడారానికి వాసన కొట్టకూడదని చెబితే ఎవరూ అడ్డు రాలేదు.

మర్నాడు పంక్తిలో అందరి ముందూ దళవాయికి రాగిసంగటి వడ్డించింది. ఈగలు వాలాయి, లేచాయి. నల్లటి ముద్ద మీద తెల్లటి చుక్కలు మిగిలాయి.

"నా ముద్దలో సున్నపు వేలు పెట్టిందెవరు?" దళవాయి కళ్లెర్రజేశాడు. "వాళ్లెవరైనా సరే, ఇక వంటశాలలో అడుగు పెట్టనివ్వొద్దు. ఇది నా ఆజ్ఞ."

"చిత్తం దొరా," అంది సుంకులమ్మ. "కోటలో సున్నం ఉన్నది దొడ్డి గుంటల్లోనే. అక్కడ వాలి, ఆ కాళ్లతోనే మీ ముద్ద మీదికి వచ్చినవి ఈగలు. మీ ఆజ్ఞ ప్రకారం వాటిని ఆపాలంటే నాకు బట్ట కావాలి."

పంక్తిలో ఎవరి చెయ్యీ నోటిదాకా పోలేదు. దళవాయి విస్తరి పక్కకు నెట్టి, జెండాలకని దాచిన బట్ట తెప్పించి ఇచ్చాడు.

ముట్టడి తొలగిన రోజున కోట మీద ఎగిరిన జెండాలన్నిటికీ సంగటి మరకలే. పట్టుకునే చేతులకు మాత్రం కరువు రాలేదు.